సెట్ మార్చెయ్యన్నా!

మా వరండాలో ఒక క్రౌన్ చక్రం ఉంది. 41 పళ్లు. పక్కనే దాని జోడు పినియన్, 10 పళ్లు. రెండింటి మీదా ఒకటే నంబరు చెక్కి ఉంటుంది, ఆలుమగలకు ఒకే ఇంటిపేరు ఉన్నట్టు. నాలుగేళ్లుగా అవి అక్కడే పడున్నాయి. గాలివాన వస్తే ధాన్యం బస్తాల మీద పట్టా ఎగరకుండా బరువుకు పనికొస్తున్నాయి. పంటి మీద గోటితో గీసి చూస్తే ఎక్కడా గరుకు తగలదు. పెచ్చు లేచింది లేదు, గుంట పడింది లేదు. ఏ పాపమూ ఎరగని ఈ జతను నా పికప్‌లోంచి పీకించి, కొత్త జత వేయించి, ఆ ఏడు మామిడికాయల సీజనులో మిగిలిన కిరాయంతా అక్కడే పోసి వచ్చాను. మోత మాత్రం బండెక్కి నాతోపాటే ఇంటికొచ్చింది.

బండి వెనక నుంచి హోరు వస్తోందని ఎవరికైనా చెప్పి చూడండి. హైవే పక్క షెడ్డులో చెప్పినా, కాటా దగ్గర క్యూలో ఉన్న డ్రైవరుకు చెప్పినా, టీ బడ్డీ దగ్గర నిలబడ్డ క్లీనరు కుర్రాడికి చెప్పినా జవాబు ఒక్కటే: "క్రౌన్ పోయిందన్నా, సెట్ మార్చెయ్." బండిని రెండు అడుగులు నడిపి వినాలని కూడా అనుకోరు. నేను ఈ మాటతోనే తగువు పెట్టుకోబోతున్నాను. మోత అనేది లక్షణం, సామాను పేరు కాదు. దగ్గు వినిపించగానే ఊపిరితిత్తి కోసే డాక్టరు దగ్గరికి మనం వెళ్తామా? బండి దగ్గరికొచ్చేసరికి మాత్రం పోటీపడి వెళ్తాం.

ముందు చెవి ఎందుకు మోసపోతుందో చెప్పాలి. వెనక ఇరుసు అంటే, మధ్యలో క్రౌన్, పినియన్ కూర్చునే గుండ్రటి హౌసింగ్, దానికి అటూ ఇటూ ఇనప గొట్టాలు, గొట్టాల కొసన చక్రాలు. కుడి చక్రం బేరింగ్ అరిగినా ఆ హోరు గొట్టం పట్టుకుని మధ్యకు పాకుతుంది, కమాను పట్టీల మీదుగా ఛాసిస్‌కు ఎక్కుతుంది, ఖాళీ ట్రాలీ రేకు దాన్ని మృదంగంలా పెంచుతుంది. క్యాబిన్‌లో కూర్చున్నవాడికి అంతా నడిమధ్య నుంచే వస్తున్నట్టుంటుంది. అరిగిన టైరు పాటా ఇదే దారిన వస్తుంది. గాలి తక్కువై, లోడు ఎక్కువై, రంపం పళ్లలా అరిగిన బటన్ టైరు ఊళపెడితే అనుభవం ఉన్న డ్రైవరు కూడా క్రౌన్ అనే అనుకుంటాడు.

కానీ చెవికి ఆధారాలు లేకపోలేదు. చిన్న లెక్క చూద్దాం. మన పికప్ టైరు ఒక చుట్టు తిరిగితే బండి సుమారు 2.2 మీటర్లు కదులుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు ఏడున్నర చుట్లు తిరుగుతుంది. ప్రతి చుట్టుకూ క్రౌన్ మీది 41 పళ్లు పినియన్‌కు తగలాలి. అంటే సెకనుకు సుమారు 310 తాకిళ్లు. ఇది అక్షరాలా ఒక స్వరం. మా ఊరి హార్మోనిస్టు మాటల్లో చెప్తే రెండున్నర శ్రుతి. నిజంగా పళ్లే అరిస్తే ఆ వేగంలో ఆ శ్రుతి దగ్గర సన్నటి కూత వినపడుతుంది, వేగం పెరిగే కొద్దీ శ్రుతి పైకి జరుగుతుంది. చక్రం బేరింగ్‌కి ఆ గొంతు ఉండదు. అది తిరగలిలో రాయి పడ్డట్టు, గరగరా, బొంగురుగా పలుకుతుంది. పినియన్ బేరింగ్ రెండింటికీ మధ్యన ఉంటుంది, ఎందుకంటే పినియన్ చక్రం కంటే నాలుగు రెట్ల వేగంతో తిరుగుతుంది. రంగస్థల నాటకాల్లో తెర వెనక గొంతు విని నటుడెవరో చెప్పేసేవాళ్లం కదా, ఇదీ అంతే.

తర్వాత కాలి పని. ఖాళీ రోడ్డు, ఎత్తుపల్లాలు లేనిది చూసుకుని 60 మీదికి తెచ్చి యాక్సిలరేటర్ కాస్త గట్టిగా తొక్కాలి. తర్వాత పూర్తిగా వదిలెయ్యాలి. తర్వాత బండి లాగకుండా, తగ్గకుండా సన్నగా పట్టుకోవాలి. మూడింట్లోనూ మోత మారకపోతే పళ్ల మీద అనుమానం సగం తీరినట్టే. పళ్ల మీద బలం మారితే పళ్ల గొంతు మారి తీరాలి కదా. తొక్కినప్పుడే అరిచి వదిలితే ఆగిందా, పంటి లాగుడు వైపు చూడాలి. వదిలినప్పుడే అరిచిందా, పినియన్ వదులైందేమో చూడాలి: లాగేటప్పుడు ఒక వైపుకి, వదిలేటప్పుడు ఇంకో వైపుకి దాన్ని తోసే బలం మారుతుంది, బేరింగ్ బిగువు లేకపోతే అది ముందుకీ వెనక్కీ జరుగుతుంది. మలుపులో మాత్రమే కటకటలాడితే లోపలి స్టార్ గేర్లు. బయల్దేరగానే "ఠక్" అంటే ముందు ప్రొపెల్లర్ షాఫ్టు యూజే క్రాస్ పట్టుకుని ఊపి చూడాలి. పొడవాటి పికప్‌లకు షాఫ్టు రెండు ముక్కలుంటే మధ్యలో సెంటర్ బేరింగ్ ఒకటుంటుంది, దాన్నీ వదలకూడదు. సిమెంటు రోడ్డు మీద ఒకలా, తారు రోడ్డు మీద ఒకలా అరిస్తే ఇంక ఆలోచించక్కర్లేదు, అది టైరు.

నా బండి సంగతి ఇందులో ఏదీ కాదు. సెట్ మార్పించిన తర్వాత నూజివీడు నుంచి హనుమాన్ జంక్షన్ దాకా అదే హోరుతో పోతూ, గుంత తప్పించడానికి ఎడమకు కొట్టాను. మోత ఎత్తుకుంది. మళ్లీ కుడికి కొట్టాను, తగ్గింది. ఎడమకు తిప్పితే బరువు కుడి చక్రం మీద పడుతుంది. కుడి బేరింగ్! స్టీరింగ్ పట్టుకున్న నా చేతులకు అర కిలోమీటరులో తెలిసిన సంగతి షెడ్డులో రెండు రోజులు ఎవరికీ తెలియలేదు. తెలియాలని ఎవరూ అనుకోలేదు, నాతో సహా.

"ఎలాగూ హౌసింగ్ విప్పాం కదా, కొత్త సెట్ పడితే పీడా పోతుంది" అని ఒక వాదన ఉంది. వినడానికి పెద్దమనిషి మాటలా ఉంటుంది. నా దృష్టిలో అన్నింట్లోకీ చేటు చేసే మాట ఇదే. క్రౌన్, పినియన్ జతగా సానపట్టి అమ్మేవి. వాటిని ఏ హౌసింగ్‌లో పెడితే ఆ హౌసింగ్ కొలతకు సరిపెట్టాలి. పినియన్ ఎంత లోతుకు దిగాలో షిమ్ములు, అంటే పల్చటి వాషర్లు, చెప్పాలి. రెండు పళ్ల మధ్య ప్లే ఎంత? చాలా ఇరుసులకు 0.15 మిల్లీమీటరు అటూ ఇటూ, అంటే ఒకటిన్నర నోటుబుక్ కాగితం మందం. దీన్ని వేలితో అటూ ఇటూ కదిపి "సరిపోయింది" అనేవాణ్ణి నేను చూశాను. కాగితం మందాన్ని వేలితో కొలిచే మహానుభావుడికి దండం పెట్టి బయటికొచ్చెయ్యాలి.

సరిగ్గా చేసేవాళ్లు ఉన్నారు. విజయవాడ ఆటోనగర్‌లో ఒక మేస్త్రీగారి దగ్గర చూశాను. ఆయన క్రౌన్ మీద నాలుగైదు పళ్లకు పసుపు రంగు పేస్టు బ్రష్‌తో పూశాడు, పెళ్లికూతురి కాళ్లకు పసుపు రాసినంత ఓపిగ్గా. పినియన్‌ను చేత్తో తిప్పుతూ, క్రౌన్‌ను రెండో చేత్తో అదిమిపెట్టాడు. పేస్టు మీద తాకిడి అచ్చు పడింది. అది పంటి మధ్యలో, అరటి ఆకు మీద నీటిబొట్టులా కోలగా ఉండాలట. అచ్చు పంటి మొదలుకు జారింది. "లోతెక్కువైంది" అని పినియన్ బయటికి తీసి, షిమ్ము మార్చి, మళ్లీ పేస్టు పూశాడు. మూడుసార్లు. పినియన్ నట్టు బిగించేటప్పుడు లోపల నలిగే స్లీవు ఒకటి ఉంటుంది, అది ఒకసారి నలిగితే మళ్లీ పనికిరాదు, కొత్తది వెయ్యాల్సిందే. పాతదే వేసి సుత్తి దెబ్బకొద్దీ నట్టు బిగిస్తే బేరింగ్ ఎంత బిగువుందో దేవుడికే తెలియాలి. కొన్ని వేల కిలోమీటర్లకే కొత్త సెట్ కూస్తుంది, నింద సామాను కంపెనీ మీద పడుతుంది. పాత పళ్లు ఒకదానికొకటి అలవాటుపడ్డ మాట నిజమే. మంచి పాత జతను పీకి చెడ్డగా బిగించిన కొత్త జతను పెట్టుకోవడం, కాపురం చేస్తున్న పిల్లను పుట్టింటికి పంపి కొత్త సంబంధం చూడటమే.

ఇంకో వైద్యం ఉంది: చిక్కటి ఆయిల్. మోత వస్తే ఆయిల్‌లో గ్రీజు కలిపి పోసెయ్యడం. అమ్మే ముందు బండికి చేసే అలంకారం ఇది. ఈ పళ్లు మామూలు పళ్లు కావు. పినియన్ క్రౌన్ నడిమికి కాకుండా కిందకు తగులుతుంది, కాబట్టి పళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లడమే కాదు, జారతాయి కూడా. అమెరికాలో గ్లీసన్ కంపెనీ వాళ్ల ఈ హైపాయిడ్ పళ్లను ప్యాకార్డ్ కంపెనీ 1926లో కార్లలోకి తెచ్చింది. ఆ జారుడును తట్టుకోవడానికే జీఎల్-5 రకం 90 ఆయిల్ కావాలి. గ్రీజు పోస్తే అది గోడలకు అంటుకుని కూర్చుంటుంది, బేరింగ్‌లకు చేరాల్సింది చేరదు. మోత నాలుగు రోజులు మూగబోతుంది, లోపల అరుగుడు మాత్రం జోరందుకుంటుంది.

ఆయిల్ గురించి నిజంగా పట్టించుకోవాల్సిన చోట ఎవరూ పట్టించుకోరు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు బండ్లు రోజుల తరబడి నీళ్లలో నిలబడ్డాయి. ఇంజన్ ఆయిల్ మార్పించారు, సీట్లు ఎండబెట్టారు. కానీ ఇరుసు మీద గాలి ఆడే చిటికెన వేలంత బ్రీదర్ ఉంటుంది. వేడి మీదున్న ఇరుసు చల్లటి నీళ్లలో దిగితే లోపలి గాలి ముడుచుకుని నీళ్లను పీల్చేస్తుంది. ప్లగ్గు విప్పి చూస్తే ఆయిల్ పాలు కలిపిన టీలా ఉంటుంది. అలాగే వదిలేస్తే బేరింగ్ తుప్పు పట్టి గుంటలు పడుతుంది. కొన్ని నెలలకు మోత మొదలై, "క్రౌన్ పోయిందన్నా" దాకా వస్తుంది కథ. ప్లగ్గుకు అయస్కాంతం ఉంటే దాన్నీ చూడాలి: దానికంటిన బూడిదరంగు ముద్ద సహజం, గోటికి తగిలే రవ్వలు సహజం కాదు.

మెకానిక్‌లను తిట్టడం సులువు, నేను తిట్టను. గంటసేపు బండి నడిపి, విని, "కుడి బేరింగ్ మారిస్తే చాలు" అని చెప్పినవాడికి మనం ఇచ్చేది బేరింగ్ మార్చిన కూలి. వినకుండా సెట్ మార్చినవాడికి ఇచ్చేది దానికి ఎన్నో రెట్లు. పైగా మనమే తొందర పెడతాం: రేపు లోడు ఉంది, ఫైనాన్స్ వాడి కిస్తీ ఉంది, సాయంత్రానికి బండి కావాలి. విప్పడం కనపడే పని, వినడం కనపడని పని.

నా కుడి బేరింగ్ పట్టుకుని నిర్ధారించింది పసుపు పేస్టు మేస్త్రీగారే. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కానూరు వైపు పోయి వచ్చాడు, జాకీ ఎత్తి కమాను పట్టీ మీద చెయ్యి పెట్టి చక్రం తిప్పాడు. బేరింగ్ ధర, బిగింపు కూలి, వాటి కింద ఇంకో ఐదొందలు రాశాడు. అదేంటని అడిగాను. "విన్నందుకండీ" అన్నాడు. వినడానికి కూడా డబ్బులేంటి మేస్త్రీగారూ అని, రెండొందలు తగ్గించి ఇచ్చి వచ్చాను.