పతాకదినమునాడు జ్ఞాపకముండవలసిన మాట

ప్రతి సంవత్సరము డిసెంబరు 7వ తేదీన చిన్న చిన్న జెండాలు మన చేతికి వచ్చును. ఎఱుపు, ముదురు నీలము, లేత నీలము అను మూడు వన్నెలు భూసేనకు, నావికాసేనకు, వాయుసేనకు గుర్తులు. 1949 నుండి ఈ దినమును దేశమంతటను సాయుధదళముల పతాకదినముగా జరుపుచున్నారు. మనము జెండాను చొక్కాకు గుచ్చుకొని, చేతనైనది డబ్బాలో వేసి, తరగతికి పోవుదుము. సాయంకాలమునకు జెండా ఊడిపోవును. దానితోపాటు సైనికుడును మన తలపులనుండి జారిపోవుచున్నాడేమో యని మాకు శంక కలుగుచున్నది.

సిపాయిలలో పలువురు నలువదియేండ్లు నిండకమునుపే ఉద్యోగము విరమించి ఇల్లు చేరుదురు. బలమున్నన్నాళ్లు సరిహద్దులలో గడచిపోవును; జబ్బులు మాత్రము సొంత ఊరిలో మొదలగును. ఇట్టివారికొరకే కేంద్రప్రభుత్వము 2003 ఏప్రిల్ 1వ తేదీనుండి మాజీ సైనికుల ఆరోగ్య పథకమును నడుపుచున్నది. ఇ.సి.హెచ్.ఎస్. అని అందరును పిలుచునది ఇదియే. పింఛను పొందు సైనికుడు ఒక్కసారి చందా చెల్లించినచో ఆయనకును, భార్యకును, ఆయనపై ఆధారపడినవారికిని జీవితాంతము వైద్యము లభించును. 1996 జనవరి 1వ తేదీకి ముందు విరమించినవారికి ఆ చందా కూడ లేదు. మొదట పాలీక్లినిక్కులో చూపించుకొనవలెను; అక్కడి వైద్యుడు అవసరమని వ్రాసి యిచ్చినచో, పథకములో చేరిన పెద్ద ఆసుపత్రికి పోవచ్చును. ఇది దొడ్డ ఏర్పాటే. దీనిని మేము మనసారా కొనియాడుచున్నాము.

అయినను మన నాగలమడికనుండి చూచినప్పుడు ఈ ఏర్పాటు వేరొక రూపున కనబడును. మన ఊరు ఉత్తర పినాకిని యొడ్డున నున్నది. మన పావగడ తాలూకాను మూడువైపుల ఆంధ్రదేశము చుట్టుకొని యున్నది. మన జిల్లాకు పాలీక్లినిక్కు తుమకూరులో నున్నది. పావగడనుండియే అది సుమారు నూరు కిలోమీటర్ల దూరము. మోకాళ్లనొప్పులతో, రక్తపోటుతో బాధపడు డెబ్బదియేండ్ల వృద్ధుడు తెల్లవారుజామున బస్సెక్కి, మధుగిరి మీదుగా పోయి, వరుసలో నిలిచి, మందులు తీసికొని, చీకటిపడిన పిదప ఇల్లు చేరవలెను. మధుమేహమునకు మందులు ఒక్కసారి తెచ్చుకొన్న చాలునా? మరల మరల పోవలసినదే. దేవుడు వరమిచ్చినను పూజారి వరమియ్యడని సామెత. ఇచ్చట పూజారి తప్పేమియు లేదు; గుడియే దూరమైనది.

దూరముకంటె కఠినమైన అడ్డు మరియొకటి గలదు. సైనికుడు పటాలములో హిందీ నేర్చుకొనును; ఎక్కడికి పోయినను నాలుగు మాటలాడి పని చక్కబెట్టుకొనగలడు. ఆయన భార్య ఊరిలోనే యుండి బిడ్డలను పెంచినది. ఆమెకు ఇంటిలో తెలుగు, సంతలో కొంత కన్నడము. భర్త గతించిన పిదప కార్డు ఆమె చేతిలోనికి వచ్చును. హక్కు ఆమెదే, కాగితములు మాత్రము ఇంగ్లీషులో నుండును. పెట్టెలో భద్రముగా దాచిన కార్డు జ్వరమును తగ్గింపదు కదా!

ఊరికి సమీపముననే ప్రభుత్వ ఆసుపత్రులున్నవి గదా, ఈ పథకమే కావలెనా యని కొందరడుగవచ్చును. చిన్న జబ్బులకు అవి చాలును. గుండెకు, మూత్రపిండములకు ఖరీదైన చికిత్స కావలసివచ్చినప్పుడు ఈ కార్డే కుటుంబమును అప్పులనుండి కాపాడును. ఒక నియమమును అందరును తెలిసికొనవలెను. ప్రాణాపాయ సమయమున రోగిని దగ్గరనున్న ఏ ఆసుపత్రికైనను కొనిపోవచ్చును. రెండు దినములలోపల పాలీక్లినిక్కుకు తెలియజేసి, అది పథకములో చేరని ఆసుపత్రియైనచో రసీదులు దాచియుంచి, పథకపు రేట్ల మేరకు సొమ్ము కోరవచ్చును. ఈ ఒక్క మాట తెలియనందున ఇల్లు కుదువబెట్టుకొను కుటుంబముండరాదు.

కావున మా మనవి రెండు విధములు. అధికారులు నెలకొక్క నియమిత దినమున పావగడకు వైద్యుని, మందులను పంపినచో వృద్ధుల ప్రయాణబాధ చాలవఱకు తీరును. కేంద్ర రక్షణశాఖ 2021 మే నెలలో ప్రారంభించిన ‘సేహత్’ అను ఏర్పాటుద్వారా ఇంటినుండియే వైద్యునితో మాటలాడవచ్చును. దానిని గురించి పల్లెలలో తెలుగున, కన్నడమున చాటింపవలెను.

రెండవది మనకే చెందినది. ఈ సరిహద్దు ప్రాంతమున పుట్టిన మనకు తెలుగు, కన్నడము, ఇంగ్లీషు మూడును చదువ వచ్చును. మూడు భాషల భారమని మనము విసుగుకొనుట కలదు. ఆ భారమే ఒక వృద్ధురాలికి ఊతకోల కాగలదు. మన వీథిలో మాజీ సైనికుని ఇల్లున్నచో ఒక సాయంకాలము పోయి, కార్డు చూచి, ఉత్తరము చదివి వినిపించి, దరఖాస్తు నింపి యిచ్చెదము గాక. అట్లు చేసిననాడు డిసెంబరులో గుచ్చుకొన్న జెండా సంవత్సరమంతయు మన గుండెపైననే యున్నట్లు.