గుమ్మడిలోని దీపము

అక్టోబరు 31వ తేదీ సాయంసమయమున, హాలోవీన్ పేర, అమెరికా దేశమందలి గృహద్వారముల చెంత కన్నులును కోరలును చెక్కిన గుమ్మడికాయలు లోని వెలుగుతో వికృతముగా నవ్వుచుండును. పూర్వము ఐర్లండు ప్రజలు టర్నిప్ దుంపలను తొలిచి చేసిన దీపములే వలసవెంట అచ్చటికేగి ఈ రూపము దాల్చినవి.

ఆ గుమ్మడిలో నిజమైన మైనపువత్తి నుంచుటకు మాత్రము నేను సమ్మతింపజాలను. చుట్టును ఎండిన మొక్కజొన్న దంట్లు, కాగితపు తోరణములు, మిఠాయికై వంగు పసివారి మేనులపై నేల జీరాడు పలుచని వేషములు. ఇన్నింటి నడుమ నిప్పేల? బ్యాటరీ దీపము రెపరెపలాడినట్లు నటించును గాని దేనికిని నిప్పంటింపదు. ఆ వెలుగులో జీవము లేదని రసికులు సణుగుదురేమో, సణుగనిండు.

అయితే బిళ్లవంటి ఆ చిన్న బ్యాటరీని పసిబిడ్డ మ్రింగినచో అది అన్ననాళమును దహింపగలదు. అట్టి బ్యాటరీల అర పిల్లల చేతికి సులభముగా తెరచుకొనరాదని 2022లో అమెరికా చేసిన రీస్ చట్టము విధించినది. డల్లాసులోనో న్యూజెర్సీలోనో కాపురమున్న మనవారు దీపము కొనునప్పుడు ఆ మూతకు స్క్రూ బిగించియున్నదో లేదో చూచుకొనవలయును.