భౌతికశాస్త్రమున ఆంగ్లపదములు

తెలుగున చదివి కళాశాలలో చేరిన విద్యార్థికి భౌతికశాస్త్రము కంటె ముందు దాని ఆంగ్లపదములు ఎదురగును. పలువురు ఎడమప్రక్క ఆంగ్లపదమును, కుడిప్రక్క తెలుగుపదమును వ్రాసికొని వల్లెవేయుదురు. ఆ శ్రమకు తగిన ఫలము దక్కదు.

కష్టము పెద్ద పదములందు లేదు. 'యాక్సిలరేషన్' వినని మాట. త్వరణమని నేర్చినచో నిలిచిపోవును. మోసగించునవి చిన్న పదములే. 'వర్క్' అనగా పని యని ఎల్లరు నెఱుగుదురు. కాని నెత్తిపై బియ్యపుబస్తాతో గంటసేపు కదలక నిలిచిన కూలివాడు ఆ బస్తాపై చేసిన 'వర్క్' శాస్త్రదృష్టిలో సున్న! బలము పనిచేయు దిశలో వస్తువు కదలిననే అది పని యగును. ఈ మాట ఆ కూలివానితో అనకుండుటయే మేలు. బజారులో 'మాస్', 'వెయిట్' రెండును బరువే. చంద్రునిపై మొదటిదగు ద్రవ్యరాశి మాఱదు. రెండవదగు భారము సుమారు ఆఱవవంతగును.

ఖగోళశాస్త్రమున చిక్కు వేఱు. 'ప్లానెట్' అనగా గ్రహమని వ్రాసికొన్న బాలుడు నవగ్రహములను తలచుకొనును. వానిలో సూర్యచంద్రులును రాహుకేతువులును కలరు, భూమి లేదు. 'ప్లానెట్'లలో భూమి కలదు, ఆ నలువురు లేరు. 2006లో అంతర్జాతీయ ఖగోళసంఘము నిర్వచనమును స్థిరపఱచినప్పుడు ప్లూటో సయితము ఆ వరుసనుండి తొలగెను.

కావున పదమునకెదురుగా పదమును మాత్రమే కాక, కొలతను వ్రాసికొనవలెను. 'లైట్ ఇయర్' అనుదానికెదుట, కాంతి ఒక యేట పోవు దూరము, సుమారు 9.46 లక్షల కోట్ల కిలోమీటర్లు, అని వ్రాసికొన్నవాడు దానిని కాలమని యెన్నడును పొరబడడు.