నడిపింది కారు, శిక్ష కాపలామనిషికా?

తనంతట తానే నడిచే కారులో మనిషికేం పని అంటారా? కాపలా! 2018 మార్చిలో అమెరికాలోని అరిజోనా రాష్ట్రం, టెంపీలో ఉబర్ వారి ప్రయోగ కారు, రాత్రివేళ సైకిలు తోసుకుంటూ రోడ్డు దాటుతున్న మహిళను గుద్ది చంపింది. కారు ఆమెను 5.6 సెకన్ల ముందే పసిగట్టింది, మనిషని పోల్చుకోలేదు. కారుకున్న అత్యవసర బ్రేకును కంపెనీయే పనిచేయకుండా ఆపింది. లోపల ఇద్దరుండే చోట ఒకరినే మిగిల్చింది. ఆ ఒక్కామె ఫోను చూస్తూ కూర్చుంది, కాదనను. కానీ గంటల తరబడి ఏ పనీ చెప్పకుండా, ఆ ఒక్క క్షణానికి మాత్రం సిద్ధంగా ఉండమంటే ఎవరి తరం? పాలగిన్నె ముందు నిలబడే మనకు తెలీదూ, చూపు తిప్పినప్పుడే పొంగుతాయని! పగ్గాలు యంత్రానికిచ్చినవాళ్లు తప్పులోనూ వాటా మోయాలి కదా. 2023లో ఆమెకు మూడేళ్ల ప్రొబేషన్ పడింది. కంపెనీపై క్రిమినల్ కేసే పెట్టలేదు.