ఆట కల్పితమే.. పోయే డబ్బు మాత్రం నిజం!

ఇషా నమాజ్ అయ్యాక జమ్మలమడుగులో ఏ గల్లీలోకి పోయినా ఒకటే దృశ్యం. మెట్ల మీద నలుగురైదుగురు పిల్లలు, వంచిన తలలు, చేతుల్లో ఫోన్లు. "వెనకాల ఉండాడు రా, కొట్టు కొట్టు" అని ఒకడు, "నేను చచ్చిపోయినా, లేపు రా" అని ఇంకొకడు. మొన్న అటుగా పోతున్న ఒక ఖాలా ఆగి నన్ను అడిగింది: "ఏం బేటా, న్యూస్ రాస్తావు గదా. ఈ ఆటలు ఆడీ ఆడీ పిల్లోళ్లకు ఏది నిజమో ఏది అబద్ధమో తెలీకుండా పోతాదంట, నిజమేనా?"

చాలా ఇళ్లలో ఉన్న ప్రశ్నే ఇది. భయంతో కాకుండా కొంచెం లెక్కతో చూద్దాం.

బ్లూ వేల్ నేర్పిన పాఠం

2017లో 'బ్లూ వేల్' పేరు వినని ఇల్లు లేదు. యాభై రోజులు ఆడించి, చివరికి ప్రాణం తీసుకోమంటుందని వాట్సాప్‌లో తెగ తిరిగింది. ఆ ఏడాది ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం గూగుల్, ఫేస్‌బుక్ లాంటి కంపెనీలకు దాని లింకులు తీసేయాలని ఆదేశాలిచ్చింది. తర్వాత నిపుణుల కమిటీ ఆ మరణాలను పరిశీలించింది. ఏ ఘటనలోనూ ఆ ఆటే కారణమని రుజువు కాలేదని 2018 జనవరిలో ప్రభుత్వమే లోక్‌సభకు చెప్పింది.

అంటే అప్పుడు కల్పనకూ నిజానికీ తేడా మరిచిపోయింది పిల్లలు కాదు, ఫార్వర్డ్ చేసిన పెద్దోళ్లు. నష్టం కూడా జరిగింది. ఒక పిల్లవాడు చదువు ఒత్తిడితోనో, ఇంట్లో గొడవతోనో కుంగిపోతే, తప్పు ఆట మీద వేసి అసలు బాధను ఎవరూ అడగలేదు.

2016లో వచ్చిన 'పోకెమాన్ గో' ఇంకో ఉదాహరణ. నిజమైన వీధి మీద కల్పిత జంతువులను చూపించే ఆట అది. వాటిని ఎవరూ నిజం జంతువులు అనుకోలేదు. ప్రమాదం ఎక్కడొచ్చిందంటే, కళ్లు ఫోన్లో పెట్టి రోడ్డు దాటడంలో.

మరి ప్రమాదం లేదా?

ఉంది, కానీ మనం వెతికే చోట కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 'గేమింగ్ డిజార్డర్'ను జబ్బుల జాబితాలో చేర్చింది. ఆ కొత్త జాబితా 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. రోజూ ఆడే ప్రతి పిల్లవాడికీ ఆ జబ్బు ఉన్నట్టు కాదు. ఆట మీద అదుపు తప్పడం, మిగతా పనులన్నిటికంటే ఆటే ముఖ్యం కావడం, చెడు జరుగుతున్నా ఆపలేకపోవడం, ఇవి మామూలుగా ఏడాది పాటు కనిపిస్తేనే డాక్టర్లు ఆ పేరు పెడతారు.

నిషేధాలూ చూశాం. 2020 సెప్టెంబర్ 2న పబ్జీ పోయింది. కారణం పిల్లల చదువు కాదు, దేశ భద్రత, డేటా. 2021లో బీజీఎంఐ పేరుతో తిరిగొచ్చింది. 2022లో మళ్లీ ఆగి, 2023లో మళ్లీ మొదలైంది. ఈ మధ్యలో పిల్లలు ఖాళీగా కూర్చోలేదు, వేరే ఆటకు మారిపోయారు.

అసలు గీత డబ్బు దగ్గర

నేను చదివింది బీకాం, కాబట్టి నా చూపు జేబు మీదికే పోతుంది. ఈ ఆటల్లో చాలా వస్తువులు నేరుగా రూపాయల్లో అమ్మరు. ముందు రూపాయలిచ్చి 'డైమండ్స్' కొనాలి, వాటితో డ్రెస్సు, తుపాకీ రంగు కొనాలి. వంద రూపాయలు పోతే నొప్పి తెలుస్తుంది. డైమండ్లు పోతే తెలియదు. కొన్నిట్లో వస్తువు కూడా నేరుగా రాదు, చక్రం తిప్పాలి, అదృష్టం ఉంటే వస్తుంది. పదేళ్ల పిల్లవాడికి జూదం రుచి ఇక్కడే తగులుతుంది.

ఇంకో మెట్టు పైకెక్కితే రమ్మీ, ఫాంటసీ క్రికెట్. మన ఊహలో కట్టిన జట్టు, నిజం ఆటగాళ్లు, నిజం డబ్బు. కల్పన, వాస్తవం నిజంగా కలిసిపోయేది ఇక్కడ. "నేను ఆడేది తెలివితో, జూదం కాదు" అని ఆడేవాడు తనను తానే నమ్మించుకుంటాడు. క్రికెట్ బెట్టింగ్ ఏం చేస్తుందో ప్రొద్దుటూరు పక్కనే ఉన్న మనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

మన రాష్ట్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2020లోనే నిషేధించింది. ఆ తర్వాత 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. అలాంటి ఆటలు నడిపితే మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ఏటా 45 కోట్ల మంది సుమారు 20 వేల కోట్లు పోగొట్టుకుంటున్నారని అప్పుడు కేంద్రం చెప్పిన అంచనా. అప్పట్లో టీమిండియా జెర్సీ మీదున్న కంపెనీ కూడా డబ్బు పందేలు ఆపేసింది. మైసిర్ హరామ్ అని మన ఇళ్లలో ఎప్పటి నుంచో చెప్పే మాటే ఇప్పుడు చట్టం కూడా చెబుతోంది.

అయితే గెలుపు డబ్బు ఆశ లేకుండా డ్రెస్సులు మాత్రం కొనే ఖర్చును ఈ చట్టం ఆపదు. అది ఇంటి పనే.

ఇంట్లో చేయాల్సింది

మన దగ్గర చాలా ఇళ్లలో అబ్బా కువైట్‌లో, అమ్మీ ఇక్కడ. ఇంట్లో మంచి ఫోన్ ఒక్కటే. పిల్లల ఆటా అందులోనే, అబ్బా పంపిన డబ్బుకు యూపీఐ కూడా అందులోనే. పిన్ పిల్లలకు చెప్పకండి, వాళ్ల పుట్టినరోజునే పిన్‌గా పెట్టకండి. ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. ఆటలో పరిచయమైనవాళ్లు ఓటీపీ, ఫొటో అడిగితే ఇంట్లో చెప్పమనండి. చెప్పినప్పుడు కొట్టకండి, కొడితే రెండోసారి చెప్పరు. డబ్బు మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. పిల్లవాడు నిద్ర మాని, ఎవరితో మాట్లాడకుండా ముడుచుకుపోతుంటే 14416 టెలిమానస్‌కు చేయండి. అది ఉచితం. పరువు పోతుందని దాచిపెడితేనే ఎక్కువ నష్టం.

ఆ ఖాలాకు నేను చెప్పిన జవాబు ఇది: "ఆ తుపాకీ ఉత్తుత్తిదని వాడికి బాగా తెలుసు ఖాలా. నీ ఫోన్ పిన్ కూడా తెలుసేమో, ముందు అది చూసుకో."