లిపి ఎరుగని ఆచార్యుడు

సంగీతకారుల చరిత్రలు వ్రాసేవారికి ఒక బలహీనత ఉన్నది. కళాకారుడు మంచంమీద కన్నుమూస్తే అతని కృషిని గూర్చి వ్రాస్తారు. కత్తికో తుపాకికో బలియైతే ఆ చావును గూర్చే వ్రాస్తారు. చానో పోసో విషయంలో జరిగినది ఇదే. క్యూబా రాజధాని హవానాలో 1915 జనవరి 7న పుట్టి, 1948 డిసెంబరు 2న న్యూయార్కులోని హార్లెం పేటలో, ఒక మద్యశాలలో, తుపాకిగుండుకు కూలిపోయిన వాద్యకారుడు అతడు. అతని పేరు ఎత్తగానే అల్లరి బ్రతుకు, మత్తుమందు, జగడం, ముప్పదిమూడేండ్ల అకాలమరణం, ఇవే ముందుగా వినిపిస్తవి. అతడు నేలకొరిగే వేళ ఆ మద్యశాలలోని పాటలపెట్టె అతని గీతాన్నే పలుకుతున్నదని కూడ ఒక ముచ్చట చేర్చినారు. కథకు అందం వచ్చినదేమో కాని మనిషికి న్యాయం జరగలేదు. పోసో అమెరికాలోని జాజ్ సంగీతానికి చేసిన మేలు ప్రధానంగా బోధన. అతడు ఉపాధ్యాయుడు. స్వరలిపి చదవలేని, ఇంగ్లీషు మాట్లాడలేని ఉపాధ్యాయుడు.

ఆఫ్రికానుండి బానిసలుగా తెచ్చిన జనుల సంతతివాడు పోసో. క్యూబాలో బానిసత్వం రద్దయినది 1886లో. అంటే అతడు పుట్టేనాటికి దానికి ముప్పదేండ్లయినా నిండలేదు. పెరిగినది సోలార్ అని అక్కడివారు పిలిచే పేదల లోగిళ్లలో. నడుమ ఒక వాకిలి, చుట్టూ గదులు, గదికొక సంసారం. పిల్లతనంలోనే తప్పుదారి త్రొక్కి బాలనేరస్థుల దిద్దుబాటు శాలకు పోయినాడు. బడిచదువు అంతంతమాత్రం. కాని ఆ లోగిళ్లలోనే మరొక విద్యాలయం ఉన్నది. అబక్వా అనే పురుషుల రహస్యసంఘం అది. ఆఫ్రికాలోని కలబార్ ప్రాంతపు సంప్రదాయాన్ని నిలుపుకొంటూ, 1836లో, హవానా రేవుకు ఆవలి ఒడ్డున ఉన్న రెగ్లాలో ఆ సంఘం మొదలయినది. దాని మంత్రగానం, దాని డోళ్ల నడకలు తరతరాలుగా నోటినుండి చెవికి, చెవినుండి చేతికి వస్తున్నవి. ఏ పాటకు ఏ నడక, ఏ డోలు ముందు పలకాలి, ఏది జవాబు చెప్పాలి అన్నది ఎవరి ఇష్టమూ కాదు. వ్రాత లేనిచోట శిక్షణ ఉండదనుకొనేవారు ఈ సంగతి గ్రహించాలి. ‘తద్ధిమి’ అని ముందు నోట పలికి పిమ్మట మృదంగంమీదికి తెచ్చుకొనే పద్ధతి ఎరిగిన తెలుగువారికి దీనిని విడమరచి చెప్పనక్కరలేదు.

అతని వాద్యం కోంగా. పొడవైన పీపా వంటి కొయ్యడోలు, ఒకవైపే చర్మం, పుల్లలు లేకుండ అరచేతులతో, వ్రేళ్లతో వాయించాలి. అంచున ఒక ధ్వని, నడుమ ఒక ధ్వని, చేయి అదిమి కొట్టితే మరొకటి. ఆ రోజులలో చర్మాన్ని మేకులతో బిగించేవారు. శ్రుతి దిగితే, మన డప్పులవారి వలెనే, సెగ చూపి పైకి తెచ్చుకొనేవారు.

హవానాలో చాలకాలం నిలిపివేసిన ఉత్సవపు ఊరేగింపులను నగరపాలకులు 1937లో మరల అనుమతించినారు. ఆ ఊరేగింపులలో పోసో నాయకత్వం, నాట్యం, వాద్యం, పాటల కూర్పు అన్నీ వెలుగులోనికి వచ్చినవి. అతని ‘బ్లెన్ బ్లెన్ బ్లెన్’ వంటి పాటలు ఊరంతా ప్రాకినవి. ‘నాగ్వే’ అనే పాటను న్యూయార్కులోని మచీతో బృందం 1941లోనే రికార్డు చేసినది. మనిషికంటె ముందు పాటలే సముద్రం దాటినవన్నమాట! పాటలకు రావలసిన సొమ్మును గూర్చిన తగవులో ఒకసారి తుపాకి దెబ్బలు కూడ తిన్నాడు. ఒక గుండు వెన్నెముక దాపున శరీరంలోనే ఉండిపోయినది. అతడు సాధువని ఎవరూ అనలేదు. అనవలసిన పని లేదు.

1947లో న్యూయార్కులో డిజ్జీ గిలెస్పీ అనే ట్రంపెట్ విద్వాంసుడు తన పెద్ద బృందానికి ఒక డోలు కళాకారుని వెదకుతున్నాడు. బీబాప్ అనే కొత్త ఫణితిని నడిపిన ప్రముఖులలో అతడొకడు. క్యూబా సంగీతంమీద అతనికి మోజు పుట్టించినవాడు మారియో బౌసా. వీరిద్దరూ అంతకు కొన్ని ఏండ్లముందు క్యాబ్ కాలొవే బృందంలో ప్రక్కప్రక్కన కూర్చుని ట్రంపెట్ ఊదినవారు. పోసోను చూపించినది బౌసాయే.

ఇక్కడ ఒక చరిత్రాంశం చెప్పక తప్పదు. గిలెస్పీ పుట్టినది దక్షిణ కరొలైనా రాష్ట్రంలోని చెరా అనే చిన్న ఊరిలో. ఆ కరొలైనాలో 1739లో స్టోనో నది దగ్గర బానిసలు తిరుగబడినారు. డోళ్లు మ్రోగించి తోడివారిని పిలిచినారు. మరుసటి సంవత్సరమే, 1740లో, బానిసలు డోళ్లు ఉంచుకోరాదని అక్కడ చట్టం చేసినారు. క్యూబాలో ఆంక్షలు లేకపోలేదు కాని, చేతిడోలు సంప్రదాయం తెగిపోలేదు. ఉత్తరాన నల్లవారి లయ చప్పట్లలోనికి, పాదాలలోనికి, పాటలోనికి పోయి తలదాచుకొన్నది. తన పూర్వుల చేతినుండి లాగివేసిన వస్తువు ఎక్కడ భద్రంగా ఉన్నదో గిలెస్పీ తెలుసుకొన్నాడు. ఆ వస్తువు తిరిగి రావడానికి రెండువందల ఏండ్లు పైబడినవి.

1947 సెప్టెంబరు 29న కార్నెగీ హాలులో గిలెస్పీ బృందంతోపాటు పోసో వాయించినాడు. అప్పుడే ‘క్యూబానా బీ, క్యూబానా బాప్’ అనే కృతి ప్రదర్శితమైనది. అందులో ఎక్కువభాగం కూర్చిన జార్జ్ రసెల్‌కు అప్పటికి ఇరువదినాలుగేండ్లు. తరువాత ఒక ప్రయాణంలో, బస్సులో, పోసో పాడుకొంటున్న అబక్వా మంత్రగానం అతని చెవిని పడినది. వెంటనే కృతి నడుమ చోటు విడిచి, అక్కడ పోసో ఒంటరిగా పాడి వాయించేటట్లు, బృందం అతనికి బదులు పలికేటట్లు ఏర్పాటు చేసినాడు. వ్రాసిన కాగితం వ్రాయని విద్యకు ప్రక్కకు జరిగి దారి ఇచ్చినది. చదువుకొన్న యువకుడు ఒకడు ఇంత సహజంగా ఆ పని చేయడం, ఆ కృతికంటె కూడ గొప్ప విషయం.

ఆ బస్సే పోసో పాఠశాల. తోడి వాద్యకారులకు తలకొక డోలు ఇచ్చి, ఒక్కొక్కరికి ఒక్కొక్క నడక నేర్పి, అందరిచేత ఒకేసారి వాయింపించేవాడని గిలెస్పీ 1979లో వెలువరించిన ఆత్మకథలో చెప్పినాడు. తాను మాత్రం ఒక లయలో వాయిస్తూ, మరొక లయలో పాడుతూ, ఇంకొక లయలో అడుగులు వేసేవాడట. జాజ్ బృందంలో డ్రమ్ము, తీగవాద్యమైన బేస్ అప్పటికి ఎక్కువగా నాలుగు సమానమైన అడుగులతో నడిచేవి. క్యూబా నడక అట్లా కాదు. రెండు ఆవర్తాలలో మూడు దెబ్బలు, రెండు దెబ్బలు, మొత్తం అయిదు. దానిని క్లావే అంటారు. ఆ అయిదు దెబ్బలను పైకి కొట్టినా కొట్టకపోయినా వాయించేవారందరి లోపలా అవి నడుస్తూ ఉండాలి. తప్పినవాడు తాళం తప్పినట్లే. భాష ఒకరిది ఒకరికి రాదు. అయినా మేమిద్దరం ఆఫ్రికా భాష మాట్లాడుకొంటామని పోసో పరిహాసంగా అనేవాడు. ఆ పరిహాసంలో పాఠం జరిగిన తీరు అంతా ఉన్నది.

‘మంతేకా’ పుట్టినదీ అట్లాగే. స్పానిషు భాషలో ఆ మాటకు వంటకు వాడే పందికొవ్వు అని అర్థం. బేస్ ఏమి వాయించాలో పోసో నోటితో పాడి వినిపించినాడు. తరువాత సాక్సోఫోనులు ఏమనాలో పాడినాడు. పిమ్మట ట్రాంబోనులు, ట్రంపెట్లు. ఒకదానిమీద ఒకటి పేర్చుకొంటూ పోయినాడు, గోడ కట్టినట్లు. అయితే ఆ గోడకు అంతం లేదు. అదే నడక అట్లా సాగిపోవలసినదే. అందుకు గిలెస్పీ నడుమ పదునారు ఆవర్తాల మరొక భాగం, జాజ్ స్వరమేళనంతో, తాను కూర్చినాడు. గిల్ ఫుల్లర్ అంతటినీ బృందానికి తగినట్లు లిపిబద్ధం చేసినాడు. రచయితలుగా ముగ్గురి పేర్లూ ఉన్నవి. కలము పట్టనివాని పేరు రచయితల వరుసలో నిలవడం చిన్న విషయం కాదు. పాడి వినిపించినవానిని ‘సహకరించినవాడు’ అని ఒక మూలకు నెట్టడం లోకంలో మామూలే కదా.

ఆ నడిమిభాగం తక్కినదానితో అతకలేదని, జాజ్ డ్రమ్ము ఊగుతూ నడుస్తుంటే కోంగా నిటారుగా నడుస్తున్నదని కొందరు విమర్శకులు తప్పుపట్టినారు. ఆ మాట అబద్ధం కాదు. అతుకు వినిపిస్తూనే ఉంటుంది. అయితే ఇద్దరు తమ తమ సొంత సొత్తు తెచ్చి ఒకచోట పెట్టినప్పుడు అతుకు కనబడడమే నిజాయితీ. తరువాతి కాలంలో ఆ అతుకును నునుపు చేసినవారు చాలమంది వచ్చినారు. వారి వాద్యం వింటే హాయిగానే ఉంటుంది, కాని మంతేకాలోని ఉలికిపాటు వారిలో లేదు.

ఏ సంగీత కళాశాల ప్రవేశపరీక్షలోనూ పోసో నెగ్గి ఉండేవాడు కాడు. ప్రశ్నాపత్రం చదవగలిగితే కదా! అటువంటివాని దగ్గర నేర్చిన ఆల్ మెక్కిబ్బన్ అనే బేస్ వాద్యకారుడు, అమెరికాలో పుట్టి పెరిగినవాడైనా, తరువాతి దశాబ్దాలలో లాటిన్ జాజ్‌కు ప్రమాణమైన చేతులలో ఒకడని పేరు పొందినాడు. పోసో స్థానంలోనికి సాబూ మార్తీనెస్ వచ్చినాడు. 1950లో న్యూయార్కు చేరిన మోంగో శాంతామరియా కోంగాను ప్రపంచమంతా త్రిప్పినాడు. జాజ్ బృందంలో చేతిడోలుకు ఒక పీట ఉండాలా అని వీరెవరూ అడుక్కోవలసిన అవసరం రాలేదు.

పోసో గిలెస్పీ దగ్గర ఉన్నది సుమారు పదునాలుగు నెలలు. 1948 ఆరంభంలో ఆ బృందంతో ఐరోపా వెళ్లినాడు; ప్యారిస్‌లో కచేరీ చేసినాడు. కాని అమెరికా వాద్యకారుల సంఘం ఆ సంవత్సరం జనవరి 1 నుండి రికార్డింగు పనిని నిషేధించినది. నిషేధం రానున్నదని తెలిసి కంపెనీలు 1947 డిసెంబరులో త్వరత్వరగా పాటలు చేయించుకొన్నవి. ‘క్యూబానా బీ, క్యూబానా బాప్’ డిసెంబరు 22న, ‘మంతేకా’ 30న ఆర్‌సీఏ విక్టర్ స్టూడియోలో రికార్డయినవి. ఆ పెద్ద బృందంతో స్టూడియోలో పోసో వాయించినది ఆ రెండు దినాలే. బస్సులో చెప్పిన పాఠాలు పండి, బృందం అతని నడకకు అలవాటుపడిన ఏడాది అంతా స్టూడియో తలుపులు మూసియే ఉన్నవి. సంఘం నిషేధాన్ని 1948 డిసెంబరు 14న ఎత్తివేసినది. పోసో పోయి అప్పటికి పన్నెండు దినాలు.