లిస్పు పిలుపు - కారక వివేకము

కంప్యూటరునకు సంస్కృతమే ఉత్తమ భాష యను మాట మన సభలలో తరచుగా వినబడుచుండును. 1985లో రిక్ బ్రిగ్స్ ‘ఏ.ఐ. మ్యాగజైన్’లో ప్రకటించిన వ్యాసమును ఇందుకు ప్రమాణముగా చూపుదురు. ఆ వ్యాసము శాబ్దబోధ పద్ధతికిని, కృత్రిమ మేధలో అర్థమును నిరూపించు పద్ధతికిని గల సామ్యమును చూపినదే గాని కంప్యూటర్లు సంస్కృతముతో నడచునని చెప్పలేదు. ఈ భేదమును పరీక్షించుటకు లిస్పు భాషాకుటుంబము మంచి ఒరగల్లు.

జాన్ మెకార్తీ 1958లో రూపకల్పన కుపక్రమించిన లిస్పునకు సంతతియే ఈమాక్స్ లిస్పు. ఇందు ప్రమేయమును పిలుచునపుడు కుండలీకరణము తెరచిన వెంటనే ప్రమేయ నామమును, పిదప దాని కందింపవలసిన విలువలను వ్రాయవలెను. (- 10 3) అనిన 7 వచ్చును. (- 3 10) అనిన -7 వచ్చును. (* 2 (+ 3 4)) అనినచో లోపలి కూడిక ముందు జరిగి 14 వచ్చును. ఊరక (5) అని వ్రాయుట దోషము. 5 క్రియ కాదు గదా!

ఇచట పాత్రను నిర్ణయించునది స్థానము. మన భాషలలో విభక్తి. ‘రాముడు సీతకు ఫలము నిచ్చెను’ అన్నను, ‘సీతకు ఫలమును రాముడిచ్చెను’ అన్నను కారకములు చెదరవు. దాత, గ్రహీత, వస్తువు అను క్రమమున నిర్వచించిన ప్రమేయమును (ఇచ్చు 'రాముడు 'సీత 'ఫలము) అని పిలిచినపుడు, మొదటి రెండు పేర్లు తారుమారైన గ్రహీతయే దాత యగును. కావున ఈ పిలుపు కారక పద్ధతికి సన్నిహితము కాదు, విపరీతము.

అయితే కీవర్డులను గ్రహించునట్లు ప్రమేయమును నిర్వచించినచో (ఇచ్చు :కర్మ 'ఫలము :కర్త 'రాముడు :సంప్రదానము 'సీత) అని ఏ క్రమమున పిలిచినను ఫలిత మొక్కటే. ఇచట సామ్యము కలదు. కాని సంపూర్ణము కాదు. కర్తరి ప్రయోగమున ప్రథమలో నుండు కర్త కర్మణి ప్రయోగమున తృతీయలో నుండును. కీవర్డున కట్టి వైవిధ్యము లేదు. అది పాత్రను సూటిగా పేర్కొనును.

వ్యాకరణ విద్యార్థి ఘనతను వల్లించి, ఒక్క ప్రశ్నకు నిరుత్తరుడైనచో నష్టము శాస్త్రమునకే. కారక ప్రకరణము బోధించునపుడు ఒక్క గంట ఈ తారతమ్యమునకు కేటాయించుట యుక్తమని నా అభిప్రాయము. పాణినికి పొగడ్త కంటె పరిశీలనయే నిజమైన గౌరవము.